పాత ఉత్తరములపై తపాలా ముద్రలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమనగా గ్రంథములుండు చోటని అందరును ఎరుగుదురు. కాని గ్రంథముగా కుట్టబడని కాగితములు కూడ ప్రతి గ్రామమునందును అనేకము కలవు. పెట్టెల అడుగునను, అటకల మీదను, దూలమునుండి వ్రేలాడు ఇనుప తీగకు గ్రుచ్చబడియు పాత ఉత్తరములు పడియుండును. పెద్దలు వానిలోని విషయమును చదువుదురు. పిల్లలు తపాలా బిళ్ళను ఊడదీసికొందురు. ఈ రెంటికి నడుమ నల్లని సిరాతో గుండ్రముగా పడియున్న ముద్రను మాత్రము చూచువారు అరుదు. ఈ ఉపన్యాసము ఆ ముద్రను గురించినది.

ఒక ఊరి పేరు, ఒక తేది, ఒక మార్గము, ఈ మూడింటికిని ఆనాడే, ఆ చోటనే వేయబడిన సాక్ష్యము తపాలా ముద్ర. చరిత్రకారుడు నూరేండ్ల తరువాత వ్రాసినది కాదు. ముసలివారు జ్ఞాపకముమీద చెప్పినది కాదు. రాజుల చరిత్రకు శాసనములున్నవి. సామాన్య గ్రామమునకు శాసనమెవ్వరును చెక్కింపలేదు. అట్టి గ్రామమునకు దొరకు అతి చిన్న శాసనము ఈ రూపాయి బిళ్ళంత ముద్రయే. రాతి శాసనము ఎండకు వానకు నిలుచును. ఈ శాసనము చెదపురుగునకును పొయ్యికిని ఎర యగుచున్నది. కావున దీనిని గురించి ఆలోచించుటకు గ్రామ గ్రంథాలయముకంటె తగిన స్థలము వేరొకటి లేదు.

ముద్ర పుట్టిన విధము

తపాలా బిళ్ళకంటె తపాలా ముద్ర చాల పెద్దది. ప్రపంచమున మొదటి తపాలా బిళ్ళ ఇంగ్లండులో 1840లో వెలువడినది. ముద్ర యన్ననో 1661 నాటికే లండనులో వాడుకలోనికి వచ్చినది. అప్పటి తపాలా అధికారి హెన్రీ బిషప్ అనునతడు. ఉత్తరములు ఆలస్యముగా చేరుచున్నవని జనులు మొఱపెట్టగా, ఉత్తరము తమచేతికి వచ్చిన నెలయు దినమును తెలుపు చిన్న గుండ్రని ముద్రను అతడు వేయించెను. ఉత్తరము ఎక్కడ ఎన్నినాళ్ళు నిలిచినదో దానినిబట్టి తేలిపోవును. అనగా, ముద్ర పుట్టినది జనుల ఉత్తరములమీద అధికారము చూపుటకు కాదు. తపాలావారి పనిపై తపాలావారే సాక్ష్యము పలుకుటకు. నేటికిని ముద్రకు గల విలువ ఆ సాక్ష్యమునందే యున్నది.

భారతదేశమున పూర్వము ఉత్తరములు అంచెలమీద నడచెడివి. ఒక మనిషి సంచిని మోసికొని కొంత దూరము పరుగెత్తి మరియొకని కందించును; అతడు మరియొకనికి. "అంచెలంచెలుగా" అను మాట నేటికిని తెలుగున బ్రతికియున్నది. టపా మోయువాని చేతి బల్లెమునకు చిరుగంటలు కట్టబడియుండెడివి. ఆ సవ్వడి విని దారినున్నవారు తొలగెడివారు. ముందటి అంచెవాడు సిద్ధమయ్యెడివాడు.

1774లో వారన్ హేస్టింగ్సు కాలమున కలకత్తాలో తపాలా సామాన్య జనులకును తెరువబడినది. నూరు మైళ్ళకు రెండణాల చొప్పున, అనగా ఒక బేడ చొప్పున, సుంకము వసూలు చేసిరి. మద్రాసులో పెద్ద తపాలా కార్యాలయము 1786లో ఏర్పడినది. 1837లో వచ్చిన చట్టముతో తపాలా నడుపు హక్కు కుంపిణీ ప్రభుత్వమునకే చెందినది. అప్పటికి బిళ్ళలు లేవు. దూరమును, బరువును లెక్కించి సుంకము గట్టెడివారు. ముందుగా సుంకము చెల్లింపబడిన ఉత్తరమునకు ఎఱ్ఱ సిరాతోను, చెల్లింపబడని బేరింగు ఉత్తరమునకు నల్ల సిరాతోను ముద్ర వేయుట నియమము. కాబట్టి 1854కు ముందటి కాగితము చేతికి వచ్చినపుడు మొదట చూడవలసినది అక్షరములను గాదు, సిరా రంగును.

1854 అక్టోబరు 1వ తేదినుండి దేశమంతటికిని ఒకే ధర యేర్పడినది. పావు తులము బరువుగల ఉత్తరము అర్ధణా బిళ్ళతో ఎంత దూరమైనను పోవును. అప్పటికి దేశమున పోస్టాఫీసులు సుమారు 700 మాత్రమే. 1879లో పావు అణాకు, అనగా ఒక కానీకి, కార్డు వచ్చినది. మరుసటి యేట మనియార్డరు వచ్చినది. పల్లెవానికి తపాలాతో నిజమైన చుట్టరికము కలిగినది ఈ రెంటితోనే.

గోదావరి జిల్లా

ముద్రలు సేకరింపబూనువాడు ముందుగా ఒక జిల్లాను ఎన్నుకొనుట మేలు. దేశమంతయు సేకరింప తలచినవానికి దేనియందును లోతు చిక్కదు. ఇచట గోదావరి జిల్లాను ఉదాహరణముగా గైకొనవచ్చును.

ఈ జిల్లా 1859లో ఏర్పడినది. అంతకు ముందు రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు అను మూడు జిల్లాలుండగా, వానిని గోదావరి, కృష్ణా అను రెండు జిల్లాలుగా చేసిరి. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్య పరగణాలనుండి వచ్చి గోదావరి జిల్లాలో చేరినవి. 1925లో పశ్చిమ గోదావరి వేరైనది. భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాకు పోయినది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 జిల్లాలుగా విభజింపబడినపుడు కోనసీమ, కాకినాడ, ఏలూరు మున్నగునవి ప్రత్యేక జిల్లాలైనవి. కావున గోదావరి జిల్లా ముద్ర యనగా ఏ సంవత్సరపు ఎల్లలలోని ముద్ర యను ప్రశ్న పుట్టును. సేకరించువాడు ఒక సంవత్సరమును నిర్ణయించుకొని, ఆనాటి ఎల్లలనే పాటింపవలెను. లేనియెడల పట్టిక యేనాటికిని పూర్తికాదు.

మద్రాసునుండి కలకత్తాకు పోవు పాత టపా మార్గము నెల్లూరు, ఒంగోలుల మీదుగా వచ్చి, రాజమహేంద్రవరమునొద్ద గోదావరిని దాటి, విశాఖపట్టణము, శ్రీకాకుళముల వైపు సాగెడిది. రాజమహేంద్రవరమున గోదావరిపై రైలు వంతెన 1900లో తెరువబడినది. అంతవరకు టపా సంచి పడవలోనే ఏరు దాటవలెను. వరదనాళ్ళలో ఏటికి రెండుదరుల నున్న ఊళ్ళ ముద్రల తేదులను పోల్చి చూచినచో, నది యెన్నిదినములు త్రోవ నీయలేదో కాగితమే చెప్పును. రైలు వచ్చిన తరువాత బండిలోనే ఉత్తరములను విభజించు రైల్వే మెయిలు సర్వీసువారి ముద్రలు కనబడును. అంచెవాని కాలము, పడవ కాలము, రైలు కాలము, ఈ మూడును ముద్రలను వరుసగా పేర్చినచో కన్నులకు కట్టును.

పేర్ల విషయమున ముద్రలు చెప్పు కథ మరియొకటి. దొరలు తమ చెవికి వినబడినట్లు ఊరి పేర్లను ఇంగ్లీషున వ్రాసిరి. కాకినాడ "కొకనాడా" అయినది. ఏలూరు "ఎల్లోర్" అయినది. కోరంగి "కోరింగా" అయినది. రాజమహేంద్రవరము "రాజమండ్రి" అయినది. 2015లో ఆ నగరమునకు రాజమహేంద్రవరమను పేరే మరల అధికారికమైనది. తెలియనివాడు పాత ముద్రను చూచి, ఇట్టి ఊరు ఈ జిల్లాలో లేదని కాగితమును పారవేయును. తెలిసినవాడు ఒకే ఊరికి ఎన్ని వ్రాతలున్నవో, ఏ వ్రాత యెప్పుడు మారినదో వరుసగా వ్రాసికొనును. ఊరి పేరునకు చరిత్ర అచ్చట దొరకును.

అంకెల ముద్రలు

1855 ప్రాంతమున మద్రాసు, బొంబాయి, బంగాళా విభాగములలో బిళ్ళను కొట్టివేయుటకు అంకెల ముద్రలు వచ్చినవి. గీతలతోనో చుక్కలతోనో ఏర్పడిన చట్రము నడుమ ఒక అంకె యుండును. మద్రాసు విభాగమునకు "సి" అను ఇంగ్లీషు అక్షరమును, బంగాళా విభాగమునకు "బి" అను అక్షరమును అంకెతో చేర్చిరి. సింగపూరు కూడ ఆనాడు బంగాళా విభాగములోనిదే. అందుచేత "బి 172" అను ముద్రగల భారతదేశపు బిళ్ళ సింగపూరున వాడబడినదని సేకరణకారులు వెంటనే గుర్తింతురు.

ఇట్టి ముద్రలో ఊరి పేరు లేదు, తేది లేదు. అంకెను బట్టి ఊరిని కనుగొనవలెను. పైగా 1870వ దశకమున అంకెల యేర్పాటు మారినది. ఒకే అంకె వేరు వేరు కాలములలో వేరు వేరు ఊళ్ళకు చెందియుండవచ్చును. బిళ్ళను మాత్రమే ఊడదీసి దాచినచో అంకె మిగులును గాని ఊరు మిగులదు. కవరు మొత్తము ఉన్నచో, అదే కవరుపై వేరొక చోట పడిన పేరుగల ముద్ర అంకె ముడిని విప్పును. ఈ విద్యలో మొదటి సూత్రము దీనినుండియే వచ్చినది: బిళ్ళను ఊడదీయరాదు, కవరును కత్తిరింపరాదు.

ప్రభవాది సంవత్సరముల చిక్కు

తెలుగువారి పాత ఉత్తరములకు తపాలా ముద్ర చేయు ఉపకారము మరియొకటి కలదు. పూర్వులు ఉత్తరమునకు శిరస్సున సంవత్సరము పేరు, మాసము, పక్షము, తిథి వ్రాసి, ఉభయకుశలోపరి అని యారంభించెడివారు. ఇంగ్లీషు సంవత్సరము వ్రాయువారు తక్కువ. ప్రభవ నామ సంవత్సరము 1867లో వచ్చినది, 1927లో వచ్చినది, 1987లో మరల వచ్చినది. అరువదేండ్ల కొకమారు పేరు తిరిగివచ్చును. ఒక ఇంట తాత పేరు మనుమనికి పెట్టుట ఆచారము గనుక, వ్రాసినవాడు తాతయో మనుమడో పేరును బట్టియు తేల్చుట కష్టము. పొలము పంపకమును గురించి "ప్రభవ నామ సంవత్సర ఆషాఢ శుద్ధ దశమి" అని వ్రాయబడిన ఉత్తరము ఏ తరమునాటిది? ముద్రలోని అంకెలు రెండును చూచినచో సందేహము తీరును. 67 అని యున్నచో తాత, 27 అని యున్నచో మనుమడు.

ఇంకొక లాభము: ఉత్తరము వేసిన చోట ఒక ముద్ర, చేరిన చోట వెనుక ప్రక్కను మరియొక ముద్ర పడెడిది. రెంటి నడుమ గల దినములను లెక్కించినచో ఆనాటి ప్రయాణ కాలము తెలియును. ఒక ఊరినుండి ఒక ఊరికి నలువది యేండ్ల కాలములో వచ్చిన పది కవరులు దొరికినచో, మార్గము ఎట్లు బాగుపడినదో ఎవరు చెప్పనక్కరలేకయే తేలును.

పల్లె పోస్టాఫీసు

పెద్ద ఊరి ముద్ర సులభముగా దొరకును. దొరకనిది పల్లె ముద్ర. పల్లెలలో పోస్టాఫీసు చాలచోట్ల ప్రత్యేక భవనమున వెలసినది కాదు. బడిపంతులుగారి యింటి అరుగే కార్యాలయము, ఆయనయే పోస్టుమాష్టరు. ఉదయము పిల్లలకు అక్షరములు దిద్దించిన చేయియే మధ్యాహ్నము ముద్ర వేసెడిది. చదువురానివారికి వచ్చిన ఉత్తరమును చదివి వినిపించుట, జవాబు వ్రాసిపెట్టుట కూడ ఆయన పనియే. ఇట్టి బ్రాంచి కార్యాలయము ఒక సబు కార్యాలయమునకును, అది ఒక హెడ్డు కార్యాలయమునకును లోబడి యుండును. ముద్రలో బ్రాంచి పేరు చూచి, ప్రక్కనే పడిన సబు కార్యాలయపు ముద్ర చూచినచో, ఆ పల్లె ఏ ఊరిమీద ఆధారపడి బ్రతికెనో తెలియును. ఆ వరుస తాలూకా ఎల్లలతో సరిపోవలెనని లేదు. కాలువ ఎటు పోవునో, బాట ఎటు పోవునో టపాయు అటే పోవును.

క్రొత్తగా తెరచిన కొన్ని పల్లె కార్యాలయములను మొదట పరీక్షార్థము నడిపెడివారు. రాబడి చాలినచో స్థిరపరచెదరు, చాలనిచో మూసివేయుదురు. అట్టివానికి ఇంగ్లీషున "ఎక్స్‌పెరిమెంటల్" అను మాటయు, అక్షరమును అంకెయు గల ముద్రలు ఇచ్చెడివారు. ఊరి పేరు చెక్కించుకొనుటకు ఆ పల్లె ఇంకను అర్హత సంపాదింపలేదన్నమాట! అట్టి ముద్ర గల కార్డు దొరికినచో అది ఒక గ్రామము తన పేరు నిలుపుకొనుటకు చేసిన ప్రయత్నమునకు గుర్తు.

సర్కారు తపాలా చేరని లోపలి పల్లెలకు జిల్లా టపా యను వేరొక యేర్పాటు ఉండెడిది. మొదట పోలీసు కాగితములను, అధికారుల కాగితములను చేరవేయుట దాని పని. దాని ఖర్చు స్థానికముగా వసూలైన సొమ్ముతో జరిగెడిది. క్రమముగా జనుల ఉత్తరములును దానిలో పోసాగినవి. 1906లో అది సర్కారు తపాలాలో కలిసిపోయినది.

రంగము, యానాము, హైదరాబాదు

గోదావరి జిల్లా ఉత్తరములలో ఎక్కువ కన్నీరు కలవి రంగమునుండి వచ్చినవి. కాకినాడ, కోరంగి, విశాఖపట్టణముల రేవులనుండి వేలకొలది తెలుగు కూలీలు రంగూనుకు పోయి, రేవులలోను బియ్యపు మిల్లులలోను పనిచేసిరి. "రంగము పోయినాడు" అను మాట ప్రతి పల్లెలోను వినబడెడిది. 1937 ఏప్రిలు 1వ తేదివరకు బర్మా భారతదేశములో భాగము. అంతవరకు రంగూను ఉత్తరముపై భారతదేశపు బిళ్ళయే యుండును. ముద్ర చూచిన గాని అది సముద్రము దాటివచ్చినదని తెలియదు. ఆ తేదినుండి బిళ్ళపై "బర్మా" అను అక్షరములు అదనముగా అచ్చైనవి. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో ఉత్తరములు ఆగిపోయినవి. అనేకులు అడవుల వెంట కాలినడకను స్వదేశము చేరిరి. అనేకులు త్రోవలోనే రాలిపోయిరి. ఒక ఇంట రంగము కార్డుల వరుస 1941తో ముగిసియున్నచో, ఆ తరువాతి నిశ్శబ్దము కూడ చరిత్రయే.

గోదావరి ముఖమున నున్న యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. అచట ఫ్రెంచి తపాలా కార్యాలయము, ఫ్రెంచి భాషలో ముద్ర, ఫ్రెంచి ఇండియా బిళ్ళ. నాలుగడుగులు వేసినచో ఇంగ్లీషువారి సీమ. ఒకే బంధువర్గము రెండు రాజ్యముల బిళ్ళలతో ఉత్తరములు వ్రాసికొనవలసి వచ్చినది.

నైజాము రాజ్యమునకు 1869నుండి స్వంత బిళ్ళలుండెడివి. వానిపై తెలుగు అక్షరములు కూడ కలవు. ముద్రలు మాత్రము ఎక్కువగా ఉర్దూలో నుండెడివి. ఆ బిళ్ళలు రాజ్యములోపలనే చెల్లును. రాజ్యము దాటవలెనన్నచో భారత ప్రభుత్వపు బిళ్ళ కావలెను. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసినది. తెలుగువారు మూడు యేలుబడులలో చీలియున్న కాలమున, ఒకరినొకరు ఏ త్రోవను పలుకరించుకొనిరో ఈ మూడు విధములైన ముద్రలు తెలుపును.

అమెరికా పల్లెల పద్ధతి

ఈ పనిని పద్ధతిగా చేసినవారిలో అమెరికనులు ముఖ్యులు. అచటి కౌంటీ ఇచటి జిల్లావంటిది. 1901లో ఆ దేశమున 76,945 పోస్టాఫీసులుండెను. చాలమట్టుకు పల్లె దుకాణపు మూలనే కార్యాలయము, దుకాణదారుడే పోస్టుమాష్టరు. లోహపు ముద్ర లేనిచోట అతడు కలముతోనే ఊరిపేరును తేదిని వ్రాసెడివాడు. 1896లో పల్లె యిండ్లకు నేరుగా ఉత్తరములు చేర్చు పద్ధతి ఆరంభమైనది. దానితో వేలకొలది చిన్న కార్యాలయములు మూతపడి, కొన్ని ఊళ్ళ పేర్లే పటమునుండి చెరిగిపోయినవి. ఆయా కౌంటీల సేకరణకారులు ముందుగా ప్రభుత్వ దస్తావేజులనుండి ప్రతి కార్యాలయము తెరచిన దినము, మూసిన దినము, పేరు మారిన దినము పట్టికగా వ్రాసికొందురు. పిమ్మట ముద్రలను వెదకుదురు. పట్టిక ముందు, సేకరణ వెనుక. ఇది గ్రహింపదగిన నీతి.

భారతదేశమున జరిగినది వేరు. ఇచట కార్యాలయములు పెరిగినవి. స్వాతంత్ర్యమునాటికి 23,344, నేడు లక్షా అరువది నాలుగు వేలకు పైగా, అందు నూటికి తొంబది పల్లెలలోనే. కాని పేర్లు చెరుగుటకు ఇచట వేరు కారణములున్నవి. ఆనకట్టల క్రింద ఊళ్ళు మునుగుచున్నవి. గోదావరి లోయలోనే పోలవరము పనుల మూలమున దేవీపట్నము మొదలగు గ్రామముల జనులు ఇండ్లు విడచి వేరుచోట్లకు పోవలసివచ్చినది. ఇల్లు మారుచున్నపుడు మొదట పారవేయబడునవి పాత కాగితములే. ఊరు నీటి పాలై, ఆ ఊరి పేరు గల కాగితము నిప్పుల పాలైనచో ఇక మిగులునదేమి?

దొరికినవి, దొరకనివి

సేకరించువాడు దొరికినదానిని చూచి సంతసించుటే కాదు, దొరకనిదానిని గురించియు ఆలోచింపవలెను. తెలుగువారి యిండ్లలో శుభలేఖకు మూలలందు పసుపు పూయుదురు, దానిని భద్రపరుతురు. మరణవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించివేయుదురు. ఇంట నుంచుట అశుభమని నమ్మకము. కాబట్టి పెట్టెలో దొరకు ఉత్తరములనుబట్టి ఆ యింట పెండ్లిండ్లే జరిగినవనియు, చావులే లేవనియు అనుకొనుట పొరపాటు. గత్తర వచ్చిన యేడు, తుపాను వచ్చిన యేడు ఉత్తరములు ఎక్కువగా నడచియుండును. మిగిలినవి మాత్రము తక్కువ. అట్లే, అక్షరము తెలిసిన యిండ్ల కాగితములు మిగిలినవి. పరులచేత వ్రాయించుకొన్నవారివి తక్కువగా మిగిలినవి. అందుచేతనే బీదవాని యింటి ఒక్క కార్డు జమీందారు దివాణములోని వంద కవరులకు సమానము.

సేకరింపవలసిన విధము

ఈ పనికి ధనము పెద్దగా అక్కరలేదు. భూతద్దము, మెత్తని పెన్సిలు, ఒక దళసరి పుస్తకము చాలును.

ఉత్తరమును నీటిలో నానబెట్టరాదు. జిగురు కాగితముతో అతికింపరాదు. సిరాతో దానిపై ఏమియు వ్రాయరాదు. తీగకు గ్రుచ్చినవానిని లాగివేయక, తీగను కత్తిరించి విడదీయవలెను. ముద్ర మసకగా నున్నచో దానిని దిద్దరాదు. ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టి చదువవలెను. నేడు చేతి ఫోనుతోనే చక్కని ఛాయాచిత్రము తీయవచ్చును గనుక, ఇంటివారు కాగితమును ఇచ్చుటకు ఇష్టపడనిచో చిత్రము తీసికొని కాగితమును వారికే యీయవచ్చును. తడి లేనిచోట, ఎండ తగులనిచోట దాచవలెను.

పుస్తకమున వ్రాయవలసిన గళ్ళు ఇవి: వరుస సంఖ్య, ముద్రలోని ఊరిపేరు, తప్పులతో సహా ఉన్నది ఉన్నట్లు, నేటి పేరు, తేది, ముద్ర ఆకారము, సిరా రంగు, వెనుక ముద్రలో పేరు, తేది, బిళ్ళ వెల, ఏ వాడనుండి వచ్చినది. చదువలేని అక్షరము చోట చుక్క పెట్టవలెను, ఊహించి నింపరాదు. ముద్రలోని తేది కూడ ఒక్కొక్కప్పుడు తప్పగును. గుమాస్తా అంకె మార్చుట మరచియుండవచ్చును. ముందు వెనుకల ముద్రలు పొసగనిచో రెంటిని వ్రాసి, పొసగలేదని వ్రాయవలెను.

రెండు జాగ్రత్తలు ముఖ్యము. మొదటిది: ఉత్తరములోని విషయము ఆ యింటివారిది. అప్పులు, తగవులు, ఆడుబిడ్డల కష్టములు అందుండును. గ్రంథాలయమునకు కావలసినది ముద్రయు మార్గమును మాత్రమే. లోపలి విషయమును ఇంటివారి అనుమతి లేక చదువుటయు, చాటుటయు తగదు. కవరును మాత్రము ఇచ్చి ఉత్తరమును ఉంచుకొందుమన్నవారిని బలవంతము చేయరాదు. రెండవది: పాత ముద్రలకు బజారున ధర కలదు. వర్తకులు పల్లెలకు వచ్చి బస్తాల లెక్కను కాగితములు కొని, బిళ్ళలు మంచివి ఏరుకొని, మిగిలినవానిని చిత్తునకు అమ్ముదురు. జిల్లా చరిత్ర ఆ చిత్తులో పోవును. ధర యెక్కువైన కొలది నకిలీ ముద్రలును పుట్టును. గ్రంథాలయము కొనుట, అమ్ముట అను మాట తలపెట్టక, భద్రపరచుట అను మాటనే పట్టుకొనవలెను.

గ్రంథాలయముల కర్తవ్యము

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము తపాలా చేతిమీదనే పెరిగినది. 1902లో మచిలీపట్టణమున పుట్టిన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో పుట్టి 1914లో మద్రాసు చేరిన ఆంధ్రపత్రిక పల్లె గ్రంథాలయములకు చేరినది టపా సంచిలోనే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిదప పల్లెలకును సంఘమునకును నడచిన సంప్రదింపులు ఉత్తరముల మూలముననే నడచినవి. పత్రికను చుట్టివచ్చిన కాగితపు చుట్టపై చిరునామాయు ముద్రయు ఉండెడివి. పత్రికలు కుట్టించి దాచిన గ్రంథాలయములు ఆ చుట్టలను పారవేసినవి. ఎచ్చటనైనను పాత సంపుటముల నడుమ గుర్తుకై ఉంచిన చుట్ట యొకటి మిగిలియుండిన, అది ఆ ఊరికి పత్రిక ఏనాటినుండి వచ్చుచుండెనో చెప్పు సాక్షి. కావున సేకరణ ఇతరుల అటకలనుండి కాక, గ్రంథాలయపు బీరువాలనుండియే ఆరంభింపదగును. పాత చందా పుస్తకములు, పుస్తక విక్రేతలు పంపిన కార్డులు, సభ్యుల రాజీనామా లేఖలు, పుస్తకము తిరిగి యీయుడని వ్రాయగా వచ్చిన జవాబులు, వీని నన్నిటిని ఒకసారి తెరచి చూడవలెను.

తరువాత బడిపిల్లలను ఈ పనిలో చేర్చవలెను. ఒక్కొక్క పిల్లవాడు తన ఇంటిలోని అతి పురాతనమైన ముద్ర యేదో చూచి వచ్చి పుస్తకమున వ్రాయించినచో, ఒక్క వేసవిలో ఊరి పట్టిక సిద్ధమగును. చుట్టుప్రక్కల పది గ్రామముల గ్రంథాలయములు ఇట్లే చేసి, పట్టికలను పోల్చుకొన్నచో, ఫిర్కా చరిత్ర రూపొందును. ఆ పట్టికలో ఖాళీగా మిగిలిన ఊరి పేరు ఎదుట ఖాళీనే ఉంచవలెను. ఆ ఖాళీ వచ్చు తరమువారికి పని చూపును.

దేశమున తంతి వార్తలు 2013 జూలైతో ముగిసినవి. చేతివ్రాత ఉత్తరములు ఏటికేడు తగ్గుచున్నవి. పోస్టాఫీసు పల్లెలో నిలిచియున్నను, అచట జమ, చెల్లింపుల పనియే హెచ్చినది. తాతల చేతివ్రాతపై ఊరిపేరుతో పడిన నల్లని ముద్ర ఇక ముందు క్రొత్తగా పుట్టుట అరుదు. ఉన్నవి మాత్రమే మిగులవలెను. వానిలో ఏది మిగులవలెనో, ఏది పొయ్యిలోనికి పోవలెనో నిర్ణయించుట నేడు ప్రతి యింటివారి చేతిలో నున్నది. ఇల్లు వెల్ల వేయుచు అటక దులుపునపుడు ఒక్క దినము ఆగి, తీగకు గ్రుచ్చిన ఆ కట్టను గ్రంథాలయమున చూపుటయే ఈ సభకు వచ్చినవారు ఊరికి చేయగల ఉపకారము.